పందిరికెక్కిన తాటాకు

మా సంఘపెద్ద పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన మాట వస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళను ఆడిపోసుకోకూడదంటారు. అనేవాళ్ళు అననీ, నేను మాత్రం మానను.

అరవైల మొదట్లో తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊళ్ళో మిషను బడిలో పంతులమ్మగా ఉన్నాను. మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవాళ్ళం. తిండికి చాలని ఇంట్లో కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. ఆదివారం ఆ బియ్యమంతా గుడిలో పోగుచేసి వేలంపాట పెట్టి అమ్మేవాళ్ళు. ఆ ఏడు గాలివానకు కాలవగట్టు మీది యానాదుల గుడిసెలు లేచిపోయాయి. మా బియ్యం డబ్బుతో వాళ్ళకు తాటాకు కొనిపెడదామని ఆడవాళ్ళమంతా ఒక్కమాట మీద నిలబడ్డాం. రెండు బండ్ల ఆకు వచ్చి గుడి ఆవరణలో దిగింది.

ఆ వారమే మూడు రోజుల సువార్త సభలు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆకంతా సభ పందిరి మీదికెక్కి కూర్చుంది.

“ఏంది పెద్దయ్యా ఇది? ఈ ఆకు ఎవురికని తెప్పించినాం?” అని సంఘపెద్దను నిలదీశాను.

“యాడికి పోద్దమ్మా ఆకు? సభలు కాంగానే విప్పి వాళ్ళకే ఇస్తాం. దేవుని పని ముందు గదా!” అన్నాడు కండువా సర్దుకుంటూ.

గాలి తగ్గినా జల్లులు ఆగలేదని, ఒక యానాది పిల్ల పురిటిబిడ్డతో చింకిచాప కప్పుకుని ఆ గట్టు మీదే కూర్చుని ఉందని చెప్పాను. బిడ్డ తెరిపి లేకుండా దగ్గుతోందని చెప్పాను. “ప్రార్థన చేద్దాంలే” అన్నాడు. ప్రార్థనట! అప్పుడు నా నోట వచ్చిన మాట ఇక్కడ రాయను.

రెండో రోజు సాయంత్రం ఆయనే లేచి, దిక్కులేనివాళ్ళను చేరదీయడం గురించి గొంతు బొంగురుపోయేలా ప్రసంగించాడు. ఆ తర్వాత సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఎవరికివాళ్ళు లేచి చెప్పుకోవడం. సాక్ష్యానికి లేచినవాళ్ళను మా సభల్లో ఎవరూ కూర్చోబెట్టరు. అందుకే ముందే గట్టుకు పోయి ఆ పిల్లను, బిడ్డను వెంటబెట్టుకొచ్చాను. ఆమె చెయ్యి పట్టుకుని లేచాను.

“మనం కూచోనుండేది ఈ పిల్ల ఇంట్లో. ఈ ఆకు ఈమెది. ఇంటామె గట్టు మీద తడస్తా ఉంటే మనం ఇక్కడ పాటలు పాడతా ఉండాం” అన్నాను.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఒకామె పోయి పందిరి తాడు మీద చెయ్యి వేసింది. పెద్దాయన మొహం కందగడ్డయింది. బైబిలు చంకన పెట్టుకుని విసవిసా బయటికి నడిచాడు. సరిగ్గా అప్పుడే దబదబా వాన మొదలైంది.

నా మాటల్లోని కోపం ఆ పిల్లకు ఎక్కలేదు. ఇల్లు తనదని మాత్రం ఎక్కింది. బిడ్డను భుజం మార్చుకుని ఆయనకు ఎదురుపోయింది.

“తడస్తావు సామీ. వాన నిలిచినాక పోదువుగాని, కూచో” అంది.

నాకు ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళమే ఆకు విప్పి గట్టుకు మోసుకుపోయాం. గుడిసెలు లేచాయి, బిడ్డ బతికి బట్టకట్టింది, మిగిలిన సభ ఎండలో జరిగింది. అవన్నీ సరే. ఆ సాయంత్రం ఆయన చేసిన పని మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ పిల్లకేసి చూశాడు, వానకేసి చూశాడు, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.