వదినె ఏరి ఇచ్చిన కరెంటు పెనం

మా అత్తమ్మకు రెండు కండ్లల్ల పొరలు వచ్చినయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి ఆమె ఒప్పుకోలేదు. భానూర్‌ల మా ఇంట్ల పొద్దంతా ఆమె ఒక్కతే ఉంటది. నేను పటాన్‌చెరు దిక్కు కంపెనీకి పోత, మా ఆయన ముత్తంగి గోదాముల లోడింగుకు పోతడు. ఒకనాడు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. పప్పు పొంగి మంట ఆరిపోయింది, ఆమెకు తెల్వనే లేదు. అప్పటి సంది ఆమెను పొయ్యి ముట్టనియ్యలేదు. నేను పొద్దుగాల వండిపెట్టి పోతే మధ్యాహ్నం చల్లన్నం తినేది. నాతోని ఏమనలేదు గానీ, ఒకసారి పక్కింటామెతోని "కూసొని తినుడే అయింది బిడ్డా, నా చేతులకు పనే లేకుంటైంది" అంటుంటే విన్న.

నేను పనిచేసే కంపెనీల కరెంటు వంటసామాన్లు తయారైతయి. నాది ప్యాకింగు. ఆ ఏడు దసరాకు వర్కర్లందరికీ తలా ఒక కరెంటు పెనం ఇస్తమని చెప్పిన్రు. లోతుగ ఉంటది, మూత ఉంటది. కూర వండొచ్చు, రొట్టె కాల్చొచ్చు, సర్వపిండి పెట్టొచ్చు. వేడి ఎక్కువైతే దానంతట అదే బందైతది. అత్తమ్మ కోసమే చేసినట్టు అనిపించింది. మూడు రకాలుండె, నచ్చింది తీసుకోవచ్చు అన్నరు.

ఏది తీసుకోవాల్నో వదినెను అడిగిన. వదినె అంటే చుట్టం కాదు, ఒకర్నొకరం గట్ల పిలుసుకుంటం. పక్క ఊరామె, చెకింగు టేబుల్ మీద పనిచేసేది. ఆరేండ్ల సంది ఒకటే ఆటోల పోయి ఒకటే ఆటోల వచ్చేటోళ్లం. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు పది దినాలు మా ఇంటికి అన్నం డబ్బా పంపింది. మీటర్ చూసుడు నాకు నేర్పింది గూడ ఆమెనే. "ముల్లు ఈ గీత దాటిందంటే పెనానికి కరెంటు దిగుతున్నట్టు. గసొంటి పీసు కింద ఎర్ర చుక్క పెట్టి, స్టిక్కర్ మీద నంబర్ రాసి సంతకం జేసి పక్కకు పెడ్త" అని చెప్పేది.

పెనాలు పంచే దినం ఆమె నా పక్కనే నిలబడి ఒక్కొక్కటి చూపెట్టింది.

"గాజు మూతది వద్దు వదినా. మీ అత్తమ్మకు సరిగ కనవడది, చెయ్యి జారితే పగులుతది. స్టీలు మూతది తీస్కో. బటన్ తిప్పితే టక్కుమని సప్పుడొస్తది, చూడకున్నా తెలుస్తది."

నాకు తోచని సంగతులు ఆమెకు తోచినయి. కుప్పల నుంచి ఒకటి తీసి నా చేతికిచ్చింది. తిప్పి చూసిన. కింద, పెనం కాలు పక్కన లేత ఎరుపు మరక ఉన్నది.

"ఇదేంది వదినా?"

"ఏదో రంగు అంటుకున్నది. నేను చూసిన పీసే, తీస్కపో."

తీస్కపోయిన.

అత్తమ్మ మొదటి దినమే సర్వపిండి పెట్టి వాడకట్టోళ్లందరికీ పంపింది. మేం ఇంటికి వచ్చేసరికి వేడి కూర ఉండేది. నెల దినాలు గట్ల గడిచినంక ఒక మధ్యాహ్నం పక్కింటామె కంపెనీకి ఫోన్ చేసింది. అత్తమ్మ తడి చేతులతోని పెనం ముట్టిందట, కరెంటు కొట్టి ఎనుకకు పడ్డదట. కుడి మణికట్టు ఇరిగింది. సంగారెడ్డి దవాఖానల పట్టీ వేయించుకొని వస్తుంటే ఆటోల మెల్లగ చెప్పింది.

"మొదటి సంది ముడితే జిమ్మంటుండె బిడ్డా. కరెంటుది గదా, గట్లనే ఉంటదేమో అనుకున్న. నువ్వు మనసుపడి తెచ్చినవని చెప్పలేదు."

ఇంటికొచ్చినంక మా ఆయన పెనానికి టెస్టర్ పెట్టిండు. లైటు ఎలిగింది. ప్లగ్గు పీకి బోర్లించి చూసిన. కంపెనీ స్టిక్కర్ ఒక మూల లేచి ఉన్నది. గోరుతోని గీకితే దాని కింద ఇంకొక స్టిక్కర్. పక్కకు పెట్టే పీసుల మీద రాసే నంబర్, దాని పక్కన వదినె సంతకం. ఆ సంతకం రోజూ చూసేదే. అయినా మూడు నాలుగుసార్లు చదివిన.

తెల్లారి తిండి టైముల ఆమెను షెడ్డు ఎనుక నల్లా కాడికి పిలిచి స్టిక్కర్ ముక్క చూపెట్టిన. ఆమె ముఖం తెల్లగ అయింది. ఏమైందని గూడ అడగలేదు.

"సూపర్‌వైజర్ చెప్పిండు," అన్నది. "పక్కకు పెట్టినయన్నీ వర్కర్లకే ఇయ్యాలె, చుక్కలు థిన్నర్‌తోని తుడిచి, నంబర్ మీద కంపెనీ స్టిక్కర్ అతికియ్యి అన్నడు. నేనేం జేయాలె?"

"నాకు చెప్పొచ్చు గదా."

"చెప్తే నువ్వు తీసుకోకపోతుంటివి. ఎందుకు తీసుకోలేదని వాడు అడుగుతుండె. నా పని పోతుండె."

"నువ్వు తీస్కపోయినది గూడ గసొంటిదేనా?"

కాదన్నట్టు తల ఊపింది.

"మీ తోడికోడలుది?"

"అదీ మంచిదే" అన్నది. ఆమె తోడికోడలు మా ప్యాకింగులనే పనిచేస్తది. అంటే మంచివి ఉన్నయి. ఎవరికి మంచిది ఇయ్యాల్నో ఏరే టైముల నేను ఆమెకు యాదికి రాలేదు. గాజు మూత పగులుతదని చెప్పిన నోటితోనే ఆ పీసు తీస్కపొమ్మన్నది.

ఆ పొద్దు నేను ప్యాకింగు ఆడోళ్లందరికీ స్టిక్కర్ చూపెట్టిన. మరునాడు చాలామంది పెనాలు పట్టుకొచ్చి ఆఫీసు ముంగట పెట్టిన్రు. అన్నింటి కింద రెండు రెండు స్టిక్కర్లే. మేనేజర్ వచ్చి పొరపాటైందన్నడు, అందరికీ కొత్తవి ఇప్పిచ్చిండు. సూపర్‌వైజర్‌ను ఏమనలేదు, తన పనిల తను ఆడనే ఉన్నడు. వదినెను చెకింగు టేబుల్ నుంచి తీసి ఊడ్చే పనికి పంపిన్రు. నేను అనుకున్నది గట్ల కాదు. అట్లని ఆపనీకి గూడ పోలేదు.

వారం తర్వాత అరటిపండ్లు పట్టుకొని ఆమె మా ఇంటికి వచ్చింది. నేను వంటింట్లనే ఉండిపోయిన. గోడ అవతల ఆమె ఏడుసుడు వినిపిస్తుండె. "ఊకో బిడ్డా, ఎముక అతుక్కుంటది" అన్నది అత్తమ్మ. చాయ్ పెట్టమని నన్ను పిలిచింది. చాయ్ పెట్టి గ్లాసు తలుపు కాడ పెట్టి లోపలికి మర్లిన.

ఆమె పోయినంక అత్తమ్మ అడిగింది, "ఒక్క మాట మాట్లాడితే ఏం పోతుండె?"

నేను చాయ్ గ్లాసు తీసి కడగవట్టిన. అసలు తప్పు ఆ సూపర్‌వైజర్‌దే, వాని మీద కోపం ఉన్నది. గానీ ఏదో రంగు అంటుకున్నదని వాడు చెప్పింటే నమ్మకుంట వద్దంటుంటిని. ఆమె చేతుల నుంచి కాబట్టే తీసుకున్న. ఇప్పుడు ఆమె వేరే ఆటోల పోతున్నది. కంపెనీ గేటు కాడ ఎదురైతే ఇద్దరం బ్యాగులల్ల గేటు కార్డు ఎతుక్కుంటం.