పై వాటాకు పోయిన హోయా

పెందుర్తిలో ఇంటిదగ్గరే మిషన్ కుట్టుకునే కుసుమకుమారి, భీమిలి నర్సరీ నుంచి రెండాకుల హోయా కొమ్మ తెచ్చి నాలుగేళ్లు సాకింది. దళసరి ఆకుల తీగ కుండీలో గుచ్చిన కమ్మీల నిండా అల్లుకుంది గాని పువ్వన్నది పూయలేదు. తీరా ఆషాఢంలో మొదటిసారి మొగ్గ తొడిగిన వారమే ఆమెకు కడుపులో రాళ్లకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వరండాలో కుండీ లేదు.

"నా బాల్కనీలో ఎలుతురు బాగుంటాది గదక్కా, పైకెట్టించీసినాను. నువ్వెలాగూ వొంగి లెగలేవు" అంది పై వాటాలో ఉండే తోడికోడలు హరిచందన.

తిరిగి అడుగుదామంటే భర్త సన్యాసిరాజు అడ్డుపడ్డాడు. "మొక్క కోసం తమ్ముడితో గొడవేటి?"

శ్రావణంలో హరిచందన ఇంటికి వ్రతానికి వచ్చిన ఆడవాళ్లు, మైనంతో చేసినట్టున్న ఆ పూలగుత్తులు చూసి ముక్కున వేలేసుకున్నారు. "నాలుగేళ్లు పెంచినాను" అంది హరిచందన. అక్కడే శనగలు పంచుతున్న కుసుమకుమారి చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాతి దోసిట్లో శనగలు పోసింది.

పూలు రాలాక హరిచందన కిందికి వచ్చింది. "బోడి కాడలు మిగిలిపోనాయక్కా, ఏటి సేయమంటావు?"

మళ్లీ పూసేది ఆ కాడలకేనని నర్సరీలో మరీ మరీ చెప్పారు. కుసుమకుమారి బట్ట మీద నుంచి కళ్లెత్తకుండా, "కోసీ" అంది.

అది మొదలు. ఇరుకు కుండీ పనికిరాదు, పెద్దది కొనమంది. రెండు పూటలా నీళ్లు పోయమంది. ఆకులు పసుపుపచ్చబడితే, "దాహం, ఇంకా పొయ్యి" అంది. ఆకుల సందుల్లో తెల్లగా పిండినల్లి పురుగు పట్టింది. సబ్బునీళ్లతో తుడిచి ఉంటే సరిపోయేది. "ఎండ దెబ్బ. లోపల టీవీ పక్కనెట్టు" అంది. హరిచందన పొల్లుపోకుండా చేసింది. ఆమె మెట్లెక్కి పోతుంటే కుసుమకుమారికి కడుపు చల్లబడేది. వెంటనే తీగ కళ్లముందు మెదిలేది. అయినా మాట మార్చలేదు.

మరుసటి వానలకు హరిచందన కుండీ మోసుకొచ్చింది. ముట్టుకోగానే తీగ ఊడి చేతిలోకి వచ్చింది. వేళ్లు నల్లగా కుళ్లిపోయాయి.

"నువ్వెంత సెప్పినా నాను సంపీసినానక్కా" అని కళ్లు తుడుచుకుంది.

కుసుమకుమారి మిషన్ ఆపింది. "నువ్వు సంపనేదు. నానే సంపించినాను. నాను సెప్పినవన్నీ తప్పులే, తెలిసే సెప్పినాను."

"ఎందుకక్కా?"

"నాలుగేళ్లు ఎవరు పెంచినారో నీకు తెల్దేటి?"

హరిచందన కుండీ అక్కడే వదిలి వెళ్లిపోయింది. ఇప్పుడు మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరుగుతుంది. అన్నదమ్ములు ఎంత చెప్పినా కుసుమకుమారి క్షమించమని అడగలేదు. ఆ మట్టిని చెత్తబండిలో వేసేముందు మాత్రం, పచ్చటి కణుపు ఒక్కటైనా మిగిలిందేమోనని వేళ్లతో చాలాసేపు వెతికింది. ఏమీ దొరకలేదు.