గడప దాకా చాలిన తాడు

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, శ్రావణమాసంలో ఒక గురువారం ఉదయం ఆరుంబావుకి, మా తాతయ్య చేతిసంచిలో ఒక కుక్కపిల్లని పెట్టుకుని ఇంటికి వచ్చాడు. టైము తప్పు చెప్పడం లేదు. రైల్వే షెడ్డులో డ్యూటీ మారే కూత అప్పుడే వినిపించి ఆగింది. కొల్నార సంతలో ఎవరో వదిలేసి పోయారట. గోధుమరంగు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. చిట్టి అని పేరు పెట్టాం.

మేం అప్పుడు రాయగడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న లైను మీద పనిచేసేవాడు, వారంలో సగం రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. వచ్చి ఐదు నెలలైనా ఆమెకి ఒడియా ఒక్క ముక్క రాలేదు. కుళాయి దగ్గర తలవంచుకుని నీళ్ళు పట్టుకోవడం, వచ్చి తలుపు వేసుకోవడం. ఆ ఇరుకింట్లో తనతో తనే మాట్లాడుకోవడం నేను విన్నాను. దసరాకి నన్ను తీసుకుని పుట్టింటికి వెళ్తానని, మళ్ళీ రానని నాన్నకి చెప్పేసింది. రేకుపెట్టె అప్పుడే అటక మీంచి దించింది కూడా. నాన్న లైను మీదికి వెళ్ళిపోయాడు. తాతయ్య సంచి పట్టుకుని సంతకి వెళ్ళాడు. కుక్కపిల్లని తెచ్చాడు.

దాన్ని మా వరండా స్తంభానికి కట్టాడు. నాకు అప్పటికే ప్రతిదీ కొలిచే జబ్బు ఉంది. మా వరండా మెట్టు దాకా నాలుగు మూరలు చాలు. తాతయ్య కట్టిన తాడు పదకొండు మూరలు. అది సందు దాటి ఎదురు వరస ఇంటి గడప దాకా వెళ్తుంది.

“తాతా, తాడు ఎక్కువైపోనాది,” అన్నాను.

“ఎక్కువవ్వలేదమ్మి. సరిగ్గా సరిపోయింది,” అన్నాడు. పదవీ విరమణ చేసేదాకా పట్టాల మధ్య దూరం కొలిచిన మనిషి. ఆయన కొలత తప్పిందంటే నేను నమ్మలేకపోయాను, కానీ తాడు సరిపోయిందని ఒప్పుకోనూ లేదు.

ఎదురింట్లో కొట్పాడ్ వైపు నుంచి వచ్చిన ఒడియా ఆవిడ ఉండేది. ముదురు ఎరుపు అంచు చీర, నుదుట పెద్ద బొట్టు. పిల్లలందరం ఆవిడని మౌసి అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో పిన్ని. మౌసికీ అమ్మకీ మధ్య అప్పటిదాకా ఒక నవ్వు కూడా నడవలేదు. చిట్టి మాత్రం మొదటిరోజే తాడు సాగినంత మేరా వెళ్ళి ఆవిడ గడప ముందు కూర్చుంది.

నాలుగైదు రోజులకి చిట్టి మా ఇంట్లో తిండి మానేసింది. అమ్మ చద్దన్నం కలిపి పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. కడుపు మాత్రం గుండ్రంగా ఉండేది. అమ్మకి అనుమానం వచ్చింది.

“ఆవిడ ఏటి పెడతందో ఏటో, ముద్ద ముట్టట్లేదు. మందేటైనా కలిపేసిందేటి?”

“నాకేటి తెలుసు? ఎల్లి అడుగు,” అన్నాడు తాతయ్య, చుట్ట మీద నుంచి చూపు ఎత్తకుండా.

“ఏ బాసలో అడగమంటావు మావయ్యా?”

“బాసెందుకు? గిన్నె అట్టుకెల్లు, సాలు.”

అమ్మకి కోపం వచ్చింది. కంచుగిన్నెలో మేం తినే చద్దన్నమే వేసి, దాన్ని చేత్తో పట్టుకుని, తాడు వెంట నడిచి సందు దాటింది. ఐదు నెలల్లో అదే మొదటిసారి. నేను వెనకాలే వెళ్ళాను. అమ్మ కుక్కని చూపించింది, గిన్నెని చూపించింది, ఇది తినడం లేదేమిటని చేయి తిప్పింది. మౌసి ఒక క్షణం చూసింది. తర్వాత రెండు చేతులా గిన్నె అందుకుని, గడప మీదే కూర్చుని, ఆ అన్నం తినడం మొదలుపెట్టింది.

అమ్మ ఆపబోయి చెయ్యి చాచింది. కుక్కకి తెచ్చిన అన్నం తినకమ్మా అని చెప్పడానికి ఒడియాలో మాట రాదు. మౌసి చివరి మెతుకుదాకా తిని, గిన్నె కడిగి, లోపలికి వెళ్ళింది. ఇచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదన్న పద్ధతి సందుకి ఆ వైపూ ఉందని అప్పుడు తెలిసింది. నీళ్ళన్నం మీద కాల్చిన ఎండుచేప ముక్కలు వేసి తెచ్చింది. “శుఖువా,” అంది చేప చూపించి, తర్వాత చిట్టిని చూపించి నవ్వింది. చిట్టి రుచి మరిగింది దీనికే.

ఇంటికి వచ్చాక అమ్మ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. మందు పెట్టిందేమోనని తను అనుమానించిన మనిషి, తను ఇచ్చింది ఒక్క ప్రశ్న లేకుండా తినేసింది. ఇప్పుడు తను తినాలి. తాతయ్య చుట్ట ఆరిపోయినా మళ్ళీ వెలిగించలేదు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది.

“ఉప్పు సాల్లేదు,” అంది.

మర్నాడు ఉప్పు సరిగ్గా పట్టించిన ఎండు నెత్తళ్ళ వేపుడు సందు దాటింది. ఆ తర్వాత గిన్నె ఏ రోజు ఏ ఇంట్లో ఉందో నాకే లెక్క అందలేదు. దసరాకి మేం బొబ్బిలి వెళ్ళాం. పదిరోజులకే అమ్మ తిరుగు ప్రయాణం కట్టింది. రేకుపెట్టెలో మౌసి కోసం ఎండుచేపల మూట ఉంది, బట్టలన్నీ ఆ వాసనే. మేం తిరిగొచ్చిన సాయంత్రం తాతయ్య చిట్టి తాడు విప్పేశాడు. అది విప్పినా ఎక్కడికీ పోలేదు, సందులో ఇటూ అటూ తిరిగింది.

ఏళ్ళ తర్వాత, ఒడియా బాగా వచ్చాక, అమ్మ ఆ గిన్నె అన్నం సంగతి మౌసితో చెప్పి నొచ్చుకుంది. మౌసి పడీపడీ నవ్విందట. అన్నం కుక్కకోసమేనని తనకి అప్పుడే తెలుసట. “తిప్పి పంపితే నువ్వు మళ్ళీ వస్తావా?” అందట.

నేను ఇప్పటికీ రాయగడలోనే ఉన్నాను. ఎదురింట్లోకి ఎవరు కొత్తగా దిగినా, తాతయ్య తాడు కొలత గుర్తొస్తుంది. అది మౌసి గడప దాకా వెళ్ళింది, గడప లోపలికి వెళ్ళలేదు. ఆ మిగిలిన జానెడూ అవతలివాళ్ళకి వదిలెయ్యాలని నేను నేర్చుకున్నాను.

పోయినవి ఇవి: చిట్టి, తాతయ్య, నాన్న, బదిలీ మీద కొరాపుట్ వెళ్ళి అక్కడే కన్నుమూసిన మౌసి, ఆరేళ్ళ కిందట అమ్మ, కూలగొట్టిన రెండు వరసల క్వార్టర్లు, పదకొండు మూరల తాడు. కంచుగిన్నె కూడా ప్రస్తుతం ఇంట్లో లేదు. మొన్న ఆదివారం పనసపొట్టు కూరతో ఎదురింటికి వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. దాన్ని పోయినవాటిలో వెయ్యను.