పంతొమ్మిది అడుగులకు వినబడే మర

మా ముత్తాత శాలిబండలోని ఒక జాగీర్దారుకు వకీలు. దేవిడీలో జాగీర్దారు ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ముగ్గురికే ఉండేదని, వాళ్ళలో ఆయన ఒకడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత కూడా వకీలే. కోర్టుకు సొంత బగ్గీలో వెళ్ళేవాడు. వీధిలో తగవు పడ్డవాళ్ళు కోర్టుకు పోయేముందు మా హాల్లోకి వచ్చి కూర్చునేవారు, సగం మంది అక్కడి నుంచే రాజీపడి ఇళ్ళకు పోయేవారు. మా నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. నేను సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మెట్లు ఎటువైపు దిగాయో ఇంతకంటే విప్పి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మాకు మిగిలింది ఇంటి వెనకవైపు మూడు గదులు, ఒక చారెడు వాకిలి. ముందు హాలు ఉన్నచోట ఇనప బీరువాల కార్ఖానా ఉంది. పొద్దున తొమ్మిదికి సుత్తి మొదలవుతుంది.

ఆ హాలుకొక ఆచారం ఉండేది. వంటింటి ద్వారబంధానికి బిగించిన కాఫీ మర ఒకటి మాకుండేది. ఇనప మర, ఇత్తడి గిన్నె, చెక్క పిడి. అతిథి వచ్చి బల్ల మీద కూర్చున్నాక తాత లోపలికి ఒక్కసారి దగ్గేవాడు. అప్పుడు నాయనమ్మ గింజలు పోసి మర తిప్పేది. ఆ చప్పుడు హాల్లోకి వినబడేది. నీకోసం ఇప్పుడే గింజ పగులుతోంది, నువ్వు మాకు కావలసినవాడివి అని దానర్థం. తాతకు గిట్టనివాడు వచ్చినా కాఫీ వచ్చేది, మా ఇంట్లో కాఫీ లేకుండా ఎవరినీ పంపలేదు. కాకపోతే దగ్గు ఉండదు, మర చప్పుడు ఉండదు. పొద్దున విసిరి డబ్బాలో పెట్టిన పొడితో కలిపిన కాఫీ నిశ్శబ్దంగా వచ్చేది. మా తాత పినతండ్రి కొడుకు ఒకసారి కోర్టులో తప్పుడు సాక్ష్యం చెప్పి, తర్వాత పండక్కి మా ఇంటికొచ్చాడు. కాఫీ వచ్చింది, చప్పుడు రాలేదు. కప్పు ముట్టకుండా లేచి వెళ్ళాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. శాలిబండలో ఎవరైనా మా ఇంటికి పోయివస్తే, మర తిరిగిందా అని వీధిలో అడిగేవారు.

ఈ కథ మా అమ్మాయికి చిన్నప్పుడు నేనే చెప్పాను. ఒకసారి కాదు, నూరుసార్లు చెప్పాను. అది నా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు.

మా అమ్మాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. మాట శాలిబండ మాట, దిద్దడం నేను ఎప్పుడో మానేశాను. ఒకరోజు భోజనం దగ్గర, పచ్చడి వడ్డించినంత మామూలుగా, తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానని చెప్పింది. ఏ ఇంటి పిల్లాడని అడిగాను. గౌలిపుర అంది. ఆ అబ్బాయి తాత పేరు చెప్పింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ తాత మా ఇంటికి పాలు పోసినవాడు. ముప్పై ఏళ్ళు, రెండు పూటలా. వాకిట్లో నిలబడి గిన్నెలో పాలు పోసేవాడు, వెళ్ళేవాడు. వాకిలి దాటి లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు.

"వాళ్ళ తాత ఆదివారం వస్తడంట నాన్నా, మాట్లాడనీకి" అంది మా అమ్మాయి. "మీరు ఒప్పుకున్నరా లేదా అని నేను అడగను. ఆయన కూసున్నంక మర చప్పుడు వినబడాలె. గంతే."

"మర చెడిపోయింది. అటక మీద ఉంది" అన్నాను. ఆ మాట చాలా ఏళ్ళుగా చెబుతున్నదే.

"మంచిగున్నా మీ మణికట్టుతోటి తిప్పలేరు. మిషన్ కొందాం. గ్రైండర్ దాంట్లనే ఉంటది, బటన్ నొక్కితే చాలు. మా ఆఫీసుల ఉన్నది."

"నొక్కకపోతే?"

"ఆయనకు తెలుస్తది. నాకు గూడ తెలుస్తది. అప్పుడు నేనేం జెయ్యాల్నో నేను జేస్త."

నా ఇంటి మర్యాదను నా చేతికే కొలతబద్దగా ఇచ్చి నన్ను కొలుస్తానంటోంది. మా ఆవిడ ఉంటే దానికి రెండు చీవాట్లు పెట్టేదని అనుకున్నాను. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఉన్నా దాని పక్షమే మాట్లాడేదని కూడా నాకు తెలుసు.

నయాపూల్ దాటి అబిడ్స్‌లో ఒక పెద్ద షాపుకు వెళ్ళాం. అమ్మాయి ఫోన్లో రెండు రోజులు చదివి పెట్టుకుంది. షాపులో మా వెంట పడ్డవాడు ముప్పై ఏళ్ళవాడు, మెడలో టై.

మొదట ఒక చిన్న మిషను చూపించాడు. గింజ అక్కర్లేదట. మూతేసిన చిన్న గిన్నెలో పొడి ముందే ఉంటుందట. దాన్ని దోపి మీట వేస్తే కాఫీ.

"ఆ పొడి ఎప్పుడు విసిరింది?" అన్నాను.

"ఫ్యాక్టరీలోనే సర్. సంవత్సరం దాకా ఖరాబు కాదు."

మా తాత తప్పుడు సాక్షికి పంపిన కాఫీ కనీసం ఆ పొద్దున విసిరింది. దీన్ని అమ్ముతున్నవాడికి సిగ్గు లేదు, కొంటున్నవాళ్ళకు సిగ్గు లేదు. పక్కన పెట్టమన్నాను.

తర్వాత గ్రైండరు ఉన్నది చూపించాడు. పైన గింజలు పోసే గిన్నె, కింద పిడి ఉన్న జల్లెడ గిన్నె, పక్కన పాలు కాచే ఆవిరి గొట్టం. "దీని స్పెషాలిటీ ఏందంటే సర్, సైలెంట్ గ్రైండర్. పక్క రూములో చిన్నపిల్ల పడుకున్నా లేవదు."

"లేవాలి" అన్నాను.

వాడు మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి ఫ్రిజ్‌ల వైపు చూసింది.

"చప్పుడు ఎక్కువ చేసేది ఏది?"

"సర్, అందరూ తక్కువ చప్పుడుది అడుగుతరు."

"నేను అందరిలో ఒకణ్ణి కాదు."

విడిగా గ్రైండరు, విడిగా మిషను కొనుక్కోవడం మేలని కూడా చెప్పాడు. రెండూ ఒక్కటైతే గ్రైండరు పాడైన రోజు మిషను కూడా రిపేరుకు పోవాలట. ఆ ఒక్క మాట బుద్ధిగా చెప్పాడు, ఒప్పుకుంటాను. కాని మా వంటింటి గట్టు మీద రెండింటికి చోటు లేదు. వంటింట్లో చోటు లేదని ఒక టై కట్టుకున్నవాడికి నేను ఎందుకు చెప్పాలి? ఒక్కటే కావాలి, గట్టిగా మోగేది కావాలి అన్నాను.

మూడు మిషన్లలో గింజలు పోయించాను. వాణ్ణి నొక్కమని చెప్పి, నేను వెనక్కి తిరిగి నడిచాను. ఫ్రిజ్‌లు దాటి, బట్టలుతికే మిషన్లు దాటి, పంతొమ్మిది అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మొదటిది వినబడలేదు. రెండోది దోమ మూలుగు. మూడోది రాళ్ళ లారీ దింపినట్టు మోగింది. ఎవరో పెద్దావిడ ఉలిక్కిపడి చూసింది.

"ఇది" అన్నాను.

మా అమ్మాయి నా దగ్గరికి నడిచి వచ్చింది. గొంతు తగ్గించింది కాని తగినంత తగ్గించలేదు. "నాన్నా, పంతొమ్మిది అడుగులు పాత హాలు లెక్క. ఆ హాలు లేదు. ఇప్పుడు వంటింట్ల నుంచి కుర్చీ దాక ఏడడుగులే."

టై వాడు విన్నాడు. విని, మర్యాదగా నేల చూశాడు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఏడడుగులని నాకు తెలియదా? ఆ ఇంట్లో రోజూ నడిచేది నేను. తెలిసే పంతొమ్మిది నడిచాను. ఆమె కార్డు తీస్తే లోపల పెట్టమని, నా పింఛనుతో మూడోదే కొన్నాను.

ఇంకో కారణం కూడా ఉంది, అది ఆమెకు చెప్పలేదు. కార్ఖానాకు సెలవు శుక్రవారం. ఆదివారం సుత్తి మోగుతూనే ఉంటుంది. ఒక్క గంట ఆపమని అడిగితే ఆ యజమాని ఆపుతాడు, మంచివాడే. కాని మా హాల్లోకి వెళ్ళి నిలబడి నేను ఎవరినీ బతిమాలను. సుత్తిని మించి మోగేది కావాలి.

ఇంట్లో మొదటిసారి నొక్కినప్పుడు గోడకున్న గరిటెలు వణికాయి. కార్ఖానా యజమాని వాకిట్లోకి వచ్చి, "ఏం సాబ్, బోరేయిస్తున్నరా?" అని అడిగాడు. రోజంతా ఇనుము బాదేవాడు నన్నడిగాడు.

నాలుగు రోజులు ఆ మిషనుతో కుస్తీ పట్టాను. గింజ సన్నగా పడితే కాఫీ చుక్కచుక్కగా కారి, మాడిపోయింది. బరకగా పడితే పప్పు కడిగిన నీళ్ళలా దిగింది. పొడిని ఎంత అదమాలో తెలియక, బలంగా అదిమి మణికట్టు నొప్పి చేసుకున్నాను. అన్నిటికంటే నన్ను మండించింది వేరే. ఈ చప్పుడు పన్నెండు సెకన్లే. మా నాయనమ్మ మర తిప్పితే, అతిథి సర్దుకు కూర్చుని, మా తాత అతని ఇంట్లో ఒక్కొక్కరి క్షేమం అడిగేదాకా అది సాగేది. పన్నెండు సెకన్లలో ఎవరి క్షేమం అడుగుతాం?

ఆదివారం పదకొండింటికి ఆయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. ఎనభై ఐదు ఉంటాయి. ధోవతి, తెల్ల చొక్కా, చేతిలో మూత ఉన్న పాల క్యాను. వాకిట్లోకి వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటనే నిలబడి, క్యాను గడప పక్కన పెట్టాడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ చోటు ఆయన కాళ్ళకు గుర్తుంది. నా కళ్ళకు కూడా గుర్తుంది.

"బాగున్నవా సారూ" అన్నాడు. "రెండు బర్రెలే మిగిలినయ్. పొద్దున పిండిన పాలు."

మా అమ్మాయి తలుపు వెనక నిలబడి ఉంది. ఊపిరి వినబడుతోంది.

"లోపలికి రండి" అన్నాను. ఆ రెండో మాట నోట్లో అడ్డం తిరిగింది, అయినా బయటికి వచ్చింది. ఆయన గడప దాటాడు. చుట్టూ చూశాడు. హాలు ఎక్కడని వెతికినట్టుంది, కార్ఖానా గోడ దగ్గర చూపు ఆగింది. కుర్చీలో కూర్చున్నాడు.

నేను దగ్గలేదు. దగ్గితే వినేందుకు లోపల ఎవరూ లేరు. లేచి వంటింట్లోకి వెళ్ళాను. గింజలు పోశాను. వేలు మీట మీద పెట్టాను.

పెట్టి, అలాగే ఉన్నాను. సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. మా అమ్మాయి మీద కోపం, నన్ను ఇక్కడిదాకా నడిపించినందుకు. ఆ పెద్దాయన మీద కోపం, అంత తేలిగ్గా కూర్చున్నందుకు. మా తాత మీద కూడా కోపం వచ్చింది, అది జీవితంలో మొదటిసారి. మర తిరిగిన ప్రతి కాఫీలోనూ ఈయన పిండిన పాలే పోశాం. ఊళ్ళో వాళ్ళందరికీ దగ్గిన తాత, ఈయనకు ముప్పై ఏళ్ళలో ఒక్కసారి దగ్గలేదు. ఈయన తప్పుడు సాక్ష్యం చెప్పలేదు. పాలల్లో నీళ్ళు కూడా కలపలేదు.

నొక్కాను. సుత్తి వినబడలేదు. పన్నెండు సెకన్లు అది తప్ప ఇంకేదీ వినబడలేదు.

ఆగింది. ముందుగది నుంచి ఆయన గొంతు: "అయిపాయెనా?"

గుమ్మంలోంచి తల బయటికి పెట్టి చూశాను.

"ఏంది సారూ గది, మిక్సీయా? మీ నాయనమ్మ తిప్పుతె గిట్ల ఉండకపోవు. కర్ర్ కర్ర్ మని, నడుమ ఆగి, మల్ల కర్ర్ మని. గా సప్పుడు నాకెర్క లేదా? మీ వాకిట్ల నిలబడి రోజు విన్న. మా పాలు లోపటికి పోతుండె. మేము పోకపోతుంటిమి." కాస్త ఆగి అన్నాడు, "ఇంకోపారి తిప్పు, విందాం."

మళ్ళీ నొక్కాను. అవసరానికి మించి పడ్డ పొడి గిన్నె అంచు దాటి గట్టు మీద ఒలికింది. ఒలకనిచ్చాను.

ఆయన తెచ్చిన పాలే ఆవిరి గొట్టం కింద కాచాను. చిక్కటి పాలు. అవి మాత్రం ఆ మిషను మాట వినలేదు, నురుగు రాకుండా మీగడ కట్టాయి. కాఫీ పట్టుకెళ్ళి ఇచ్చాను. ఒక గుటక వేసి మొహం చిట్లించాడు.

"పాలు మంచిగున్నయ్. నీ కాఫీ ఖరాబు జేసింది" అన్నాడు. అయినా కప్పు కింద పెట్టలేదు, చివరిదాకా తాగాడు. తాగి, మా అమ్మాయిని పిలిచి కప్పు ఆమె చేతికిచ్చాడు. "ఏం బిడ్డా, పేడ తీస్తవా?"

"నేర్పిస్తె తీస్త తాతా" అంది.

"ఎవలు తియ్యమన్నరు. మా పిలగాడే తియ్యడు." నా వైపు తిరిగాడు. "ఇగ పంతులును పిలిపించు సారూ, దినం జూద్దాం."

నేను తల ఊపాను. మా అమ్మాయి ఏడుస్తోంది, అది కూడా నాకు కోపంగానే ఉంది. నేను ఒప్పుకున్నానా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండుసార్లు మోగింది, అంతే. ఒప్పుకున్నంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

పోయేముందు ఆయన వంటింటి ద్వారబంధం దగ్గర ఆగాడు. చెక్కలో నాలుగు పాత బెజ్జాలున్నాయి, వాటిని వేలితో తడిమాడు. "గీడనే కదా ఉంటుండె, వాకిట్లకెల్లి కనబడుతుండె. ఏమాయె?"

"అటక మీద ఉంది" అన్నాను.

"జర భద్రం. పెండ్లి నాడు దించు. నేను తిప్పుత" అని, ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

అటక మీద ఏమీ లేదు. మా నాన్న పోయిన మరుసటి ఏడు, ముందు హాలు టేకు తలుపులు, ఉయ్యాల బల్ల, ఇత్తడి సామానుతో పాటు ఆ మరను కూడా అమ్మేశాం. ద్వారబంధం నుంచి దాని నాలుగు స్క్రూలు విప్పింది నేనే.