నేలనెమలీ, రీలు లేని కెమెరా

ఎనభైల్లో కరీంనగర్‌లో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో పెళ్లికి వెళితే రెండు కెమెరాలు పట్టుకెళ్లేవాణ్ని. ఒకదాంట్లో రీలు ఉండేది. రెండోదాంట్లో ఏమీ ఉండేది కాదు. పెళ్లివారు ఒక రీలుకో రెండు రీళ్లకో మాట్లాడుకునేవారు. తీరా పందిట్లోకి వచ్చాక మేనత్తలు, వియ్యపురాళ్లు, పక్కింటివాళ్లు అందరూ "నాదొకటి తియ్యి బిడ్డా" అంటూ కొంగులు సర్దుకుని నిలబడేవారు. కాదంటే అలుగుతారు, తీస్తే రీలు అయిపోతుంది. అందుకని వాళ్లకు రెండో కెమెరా ఎత్తి ఉత్త ఫ్లాష్ కొట్టేవాణ్ని. మెరుపు మెరిసేది, వాళ్లు సంబరంగా భోజనాల బంతికి పోయేవారు. తర్వాతెప్పుడో ఎవరైనా అడిగితే "రీలు ఖరాబైందమ్మా" అంటే సరిపోయేది. ఇది మోసమని నాకెప్పుడూ అనిపించలేదు. మర్యాద అనుకున్నాను. నేనే పొరపాటు పడకుండా ఖాళీ కెమెరా పట్టీకి ఎర్రదారం కట్టుకునేవాణ్ని.

ఈ గుట్టు నా దోస్తులకు కూడా తెలియదు. ముఖ్యంగా మా పంతులుకు తెలియకూడదు. పంతులంటే నాతోపాటు చదువుకుని, బడిలో సైన్సు చెప్పే దోస్తు. వాడి పెళ్లికి ఫోటోలు నేనే తీశాను. దోస్తు పెళ్లి కదా, పైసా తీసుకోలేదు. మావైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. వాళ్ల అవ్వ ఒక్కతే నిలబడి తీయించుకుంటానంటే మాత్రం, రీలులో మిగిలిన నాలుగూ అప్పగింతలకు దాచాలని, ఎర్రదారం కెమెరా ఎత్తి ఉత్త ఫ్లాష్ కొట్టాను. మళ్లీ ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాను. మూడు నెలలకే ఆమె పోయింది. పంతులు స్టూడియోకు వచ్చి "అవ్వ ఫోటో ఉన్నదా?" అన్నాడు. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చేసింది. "రీలు ఖరాబైందిరా." వాడు పాపం "పోనీలే" అని వెళ్లిపోయాడు. వాళ్లింట్లో బాపు ఫోటో పక్కన అవ్వ ఫోటో కోసం అప్పటికే మేకు కొట్టి పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా నేను ఆ గోడ కనిపించకుండా, దానికే వీపు ఆనించి కూర్చునేవాణ్ని.

పంతులుకు పిట్టల పిచ్చి. ఆదివారం వచ్చిందంటే మెడలో దుర్భిణి వేసుకుని చెరువుల వెంట, చెలకల వెంట తిరిగేవాడు. ఒక వానాకాలం ఆదిలాబాద్ జిల్లాలో, కాగజ్‌నగర్ అవతల ఒక గడ్డిబీడులో నేలనెమలిని చూశానని ఊగిపోతూ వచ్చాడు. కోడిపెట్టంత ఉంటుందట. మామూలప్పుడు గడ్డిలో నక్కి ఎవరికీ కనిపించదట. వానలు పడ్డాక మాత్రం పోతుపిట్ట ఉన్నచోటనే నిలువునా గాల్లోకి ఎగిరి దూకుతుందట, పెట్టను పిలవడానికి. అయితే ఆ బీడంతా దున్ని నీలగిరి మొక్కలు నాటబోతున్నారు. పంతులు వెళ్లి ఒక ఆఫీసరును కలిశాడు. "ఉత్త గడ్డే కదండీ. అంత అపురూపమైన పిట్ట ఉంటే ఫోటో తెచ్చి చూపించండి, పైకి రాస్తాను" అన్నాడట ఆయన. వాడు అక్కణ్నించి నేరుగా నా స్టూడియోకే వచ్చాడు.

"ఒక్క ఫోటో తియ్యిరా. గంతే. నా బతుకుల నిన్ను ఇంకేం అడగ."

హైదరాబాద్‌లో తెలిసినాయన దగ్గర బారెడు లెన్సు అడిగి తెచ్చాను. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంకో దోస్తు కూడా వస్తానన్నాడు. మూడు రోజుల కూలి పోతుంది కదరా అంటే "పోతే పోయింది తీ, మగ్గాల మోతల నా చెవులు పోతున్నయి, జర పిట్టల కూతలిననీ" అన్నాడు. అన్నాడే గానీ వాడివి పాము చెవులు. ఇరవై మగ్గాలు దడదడలాడుతున్నా, ఏ మగ్గానికి పోగు తెగి ఉత్తగా ఆడుతోందో కూర్చున్నచోటు నుంచే చెప్పేవాడు.

శ్రావణమాసం. ఆ రోజు పొద్దున పెద్దపల్లిలో నాకు ఒక పెళ్లి ఉంది. అది ముగించుకుని, అక్షింతలు రాలుతున్న చొక్కాతోనే స్టేషన్‌కు ఉరికాను. ఇద్దరూ నాకోసం చూస్తున్నారు. ఒక కెమెరాలో ఇంకా పది ఫోటోల రీలు మిగిలింది, పిట్టకు అది చాలనుకున్నాను. రైల్లో కిక్కిరిసిన జనం మధ్య సంచి తెరిచి, ఎర్రదారం లేని కెమెరాకు లెన్సు బిగించాను. ఆ దారం పెళ్లి సందట్లోనే ఎక్కడో ఊడిపోయిందనీ, రెండు కెమెరాలకూ లేదనీ చూసుకోలేదు. అంత తెలివి నాకుంటే ఇంకేం!

రాత్రి కాగజ్‌నగర్‌లో పడుకుని, పొద్దున మొదటి బస్సెక్కి, దిగాక రెండు మైళ్లు నడిచాం. నడుము దాకా గడ్డి. ఎటు చూసినా అదే, మధ్యలో అక్కడక్కడా మోదుగు చెట్లు. సన్నగా తుంపర. పశువులు కాసే ముసలాయన ఒకాయన ఎదురై పంతులును గుర్తుపట్టాడు. "తన్మోర్ కోసమా సారూ? పావుస్ బాగ పడ్డది, ఎగురుతది పోండ్రి" అన్నాడు. అటువైపు మాటల్లో మరాఠీ కలుస్తుంది. తన్మోర్ అంటే నేలనెమలి, పావుస్ అంటే వాన. ఒక మోదుగు కింద గొంగడి కప్పుకుని ముగ్గురం కూలబడ్డాం. సద్దిరొట్టె మూట విప్పబోతుంటే పంతులు నా మోచెయ్యి గిల్లాడు.

అబ్బ, ఏం పిట్ట! యాభై గజాల దూరంలో గడ్డి మీదికి నల్లగా ఒక్కసారి లేచింది. రెక్కల్లో తెలుపు, తల వెనక సన్నటి ఈకలు కుచ్చుల్లా ఊగుతున్నాయి. కప్ప బెకబెకలాడినట్టు ఒక చప్పుడు చేసి, మళ్లీ గడ్డిలో పడిపోయింది. కాసేపటికి మళ్లీ లేచింది. మళ్లీ. అదే జాగాలో, అదే ఎత్తుకు. నేను క్లిక్కు మీద క్లిక్కు కొట్టాను. నాలుగుసార్లు పిట్ట సరిగ్గా నడిమధ్యలో పడింది. అట్లాంటి ఫోటో నా జన్మలో తీయలేదు, తర్వాతా తీయలేదు.

"పడ్డదారా?" పంతులు గుసగుసగా అడిగాడు.

"పడ్డదిరా. జబర్దస్తుగ పడ్డది."

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా భుజం పట్టుకుని ఊపేశాడు. అప్పటిదాకా నోరెత్తకుండా కూర్చున్న మగ్గాల దోస్తు తల పక్కకు వంచి, నా కెమెరా వైపే చూస్తున్నాడు.

"ఫోటోసాబ్, ఏమనుకోకుగని... నీ మిషిన్ల పోగు తెగినట్టున్నది. ఉత్తగ ఆడుతున్నది."

"నీ తలకాయ" అన్నాను. అని, రీలు వెనక్కి తిప్పే పిడిని వేలితో ముట్టుకున్నాను. రీలుంటే అది బిగువుగా ఉండాలి. గిర్రున తిరిగింది. వాళ్ల ముందరే వెనక మూత తీశాను. లోపల ఖాళీ.

"రీలు ఎక్కించుడు మర్సినవా?" అన్నాడు పంతులు.

అవునంటే అయిపోయేది. మరిచిపోయానంటే తిట్టి ఊరుకునేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇప్పుడే నా భుజం పట్టుకుని ఊపిన మనిషి. వాడి ముఖం చూస్తూ మళ్లీ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. "మర్సుడు గాదురా. ఇది రీలు ఉండని కెమెరానే" అన్నాను. ఉత్త ఫ్లాష్ సంగతంతా చెప్పాను. పెళ్లిళ్లలో ముసలమ్మల సంగతి, ఎర్రదారం సంగతి. చెబుతూ చెబుతూ సిగ్గుతో చచ్చిపోయాను.

పంతులు గడ్డి వైపే చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"మా అవ్వకు కొట్టింది గూడ గిదేనా?"

"ఊఁ."

మగ్గాల దోస్తు తల దించుకున్నాడు. తుంపర కాస్త పెద్దదైంది. గొంగడి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గా దినం రెండు చీరెలు మార్సింది" అన్నాడు పంతులు. "ఏది కడితే ఫోటోల మంచిగ పడతదని నన్నే అడిగింది."

కొట్టినా బాగుండేది. నేను ఏడ్చేశాను, వాడు ఏడవలేదు. చివరికి వాడే "రెండో దాంట్ల రీలున్నదా?" అన్నాడు. ఉందన్నాను. "అయితే లెన్సు మార్సు. ఉందాం."

పొద్దంతా ఉన్నాం. రొట్టె ముగ్గురికీ సమానంగా తుంచి పంచింది పంతులే. ముందు నాకే ఇచ్చాడు. పొద్దు వాలే వేళకు పిట్ట మళ్లీ లేచింది గానీ, చాలా దూరంలో, మబ్బు కమ్మిన వెలుతురులో. రెండేసార్లు. మిగిలిన పది ఫోటోలూ కొట్టేశాను.

కడిగి చూస్తే ఒక్కదాంట్లో మాత్రం గడ్డి మీద ఆవగింజంత నల్ల చుక్క. ఎంత పెద్దది చేసినా చుక్క చుక్కగానే ఉంది. పంతులు దాన్నే పట్టుకుని ఆఫీసరు దగ్గరికి పోయాడు. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "కాకి కూడా కావచ్చు కదండీ" అన్నాడట. మంచిగానే అన్నాడట. మరుసటి వానాకాలానికి ఆ బీడులో నీలగిరి మొక్కలు వరసలు వరసలుగా నిలబడ్డాయి. పంతులు మళ్లీ రెండేళ్లు వెళ్లి చూసొచ్చాడు. పిట్ట కనిపించలేదు.

ఉత్త ఫ్లాష్ నేను మళ్లీ కొట్టలేదు. ఎవరు నిలబడ్డా రీలున్న కెమెరానే ఎత్తాను. అదేం గొప్ప కాదు, చేయవలసిందే చేశాను.

ఆ చుక్క ఫోటోకు పంతులు అద్దం కట్టించుకున్నాడు. తగిలించే రోజు నన్ను రమ్మన్నాడు. వెళ్లేసరికి ఎదురుగోడ దగ్గర స్టూలు వేసుకుని, సుత్తితో కొత్త మేకు దిగగొడుతున్నాడు. సున్నం రాలుతోంది, మేకు వంగుతోంది. బాపు ఫోటో పక్కన ఖాళీ మేకు అట్లాగే ఉంది. నేను ఆలోచించకుండా అనేశాను.

"ఈడ మేకు ఉన్నది గదరా. మళ్ల ఇంకోటెందుకు?"

వాడు సుత్తి ఆపలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"అది అవ్వదిరా" అన్నాడు.