కవితలో నాయకుడు, సినిమాలో నాయకుడు, ముందు వరసలో నాయకుడు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. మంచి వ్యంగ్యం చదివితే ఎంతటి నాయకుడైనా సిగ్గుపడి మారతాడన్నది ఒకటి. ఆ వ్యంగ్యం గురించి నేను రాసిన వ్యాసం వింటే ఇంకాస్త త్వరగా మారతాడన్నది రెండోది. ఎంఏ పూర్తి చేసి, గుడివాడలో ఒక కాలేజీలో తెలుగు గెస్ట్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. మాది ఘంటసాల దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునేది కూడా ఆయనే. (అందుకని మా ఇంట్లో ఎవరికీ మైకంటే భయం లేదు. కొంచెం ఉన్నా బాగుండేదని తర్వాత తెలిసింది.)

ఆ ఏడు కాలేజీలో సెమినార్ పెట్టారు. ఒక కవితలోని రాజకీయ వ్యంగ్యాన్ని ఒక సినిమాలోని వ్యంగ్యంతో పోల్చడం నా అంశం. సినిమాలో నాయకుడు కనిపించిన చోటల్లా శంకుస్థాపన చేస్తుంటాడు. వంతెన మాత్రం రాదు. ఆయన వేసిన రాళ్ళన్నీ కాలవలో పేర్చుకున్నా ఈపాటికి అవతలి గట్టుకి చేరేవాళ్ళమని ఒక ముసలమ్మ అంటుంది. కవిత చాలా పాతది. మునిగిన వరిచేను చూడటానికి వచ్చిన నాయకుడు బురదలో దిగి, ఫొటో తీయించుకుని, గట్టెక్కి కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోతాడు. ‘ఆయన కాళ్ళు ఆరాయి, నా చేను ఆరలేదు’ అని రైతు అనుకోవడంతో ముగుస్తుంది. సినిమా చూసినవాడు పక్కవాణ్ణి తలుచుకుని నవ్వుతాడు, కవిత చదివినవాడు తనను తాను చూసుకుంటాడు అన్నది నా సిద్ధాంతం.

సాయంత్రం ముగింపు సభకు రావలసిన స్థానిక నాయకుడు, ముదినేపల్లిలో ఏదో కార్యక్రమం రద్దు కావడంతో పొద్దున్నే వచ్చేశారు. సరిగ్గా నేను మైకు దగ్గరికి వెళ్తుంటే ముందు వరసలో కూర్చున్నారు. ఆ వారమే వానలకు దివిసీమలో చేలు మునిగాయి. మోకాలి లోతు నీళ్ళలో వరికంకి పట్టుకుని నిలబడ్డ ఆయన ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. హాల్లో అందరూ చూశారు. అద్దం ముందు వ్యాసం వల్లెవేసుకుంటూ పేపరు ముట్టనిదాన్ని నేనొక్కదాన్నే.

సినిమా భాగం చెబుతుంటే నాయకుడు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. కవిత మొదలుపెట్టాను. బురద దగ్గరికి వచ్చేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. (నా గొంతులోని ఆర్ద్రతకు కరిగిపోయారనుకున్నాను.) ప్రిన్సిపాల్ గారు దగ్గారు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఇక ఆపమ్మా అని దాని అర్థమట. ఎంత మంచి మనిషో అనుకుని గ్లాసు ఖాళీ చేసి, చివరి పాదాన్ని రెండోసారి కూడా చదివాను.

కిందికి దిగాక పక్క సీటు మేడమ్ నా చెవిలో ఫొటో సంగతి చెప్పింది. తాగిన నీళ్ళన్నీ చెమటై పోయాయి. నా ఉద్యోగం ఏటికేడు పొడిగించేది, పొడిగించేవాళ్ళకి ఆయన బాగా కావలసినవారు. ఈలోగా ఆయనే మైకు అందుకున్నారు.

“సినిమాలో ఆయన్ని నేను గుర్తుపట్టానండీ, మా ఎదుటి పార్టీ ఆయనే” అన్నారు. అందరూ ప్రాణం లేచొచ్చినట్టు నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, “ఆ కవిత్వం రాసినాయనది ఏ పార్టీ అమ్మా?” అని అడిగారు.

లేచి నిలబడ్డాను. “ఆయన పోయి చాలా ఏళ్ళయిందండీ.”

“అయితే నా గురించి కాదన్నమాట.” మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. “మరి ఇంత కరెక్టుగా ఎలా రాశాడంటావ్?”

ముందుగా ఆయనే నవ్వారు. ప్రిన్సిపాల్ గారు చూసుకుని నవ్వారు, ఆ తర్వాత హాలంతా. వెళ్తూ వెళ్తూ కవిత కాపీ ఒకటి కావాలని అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. నా ఉద్యోగమూ నిలిచింది, సిద్ధాంతమూ నిలిచింది. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ మనిషి ఈ రాత్రికి నిద్రపోడు, తెల్లారేసరికి వేరే మనిషైపోతాడు అని ఊహించుకుని మురిసిపోయాను.

మరుసటి ఎన్నికల్లో బస్టాండు దగ్గర మీటింగులో ఆయన గొంతు వినబడితే ఆగాను. ఎదుటి పార్టీ అభ్యర్థి చేలల్లో తిరిగొచ్చాడట. “ఆయన కాళ్ళు ఆరాయి, మీ చేలు ఆరలేదు” అని ఈయన అరుస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. కవిత చదివినవాడు తనను తాను చూసుకుంటాడని ఎంత గట్టిగా రాశానో తలుచుకుని, అక్కడే కిళ్ళీకొట్టు పక్కన నిలబడి నవ్వేశాను.

ఇప్పుడు మచిలీపట్నంలో పాఠం చెబుతున్నాను. వ్యంగ్యం వల్ల ఎవరైనా మారతారా మేడమ్ అని పిల్లలు అడిగినప్పుడల్లా, ఒక్క వ్యాసంతో జిల్లా రాజకీయాలన్నీ బాగుచేసేశానని బస్సు కిటికీ పక్క సీట్లో గాలికి ఎగిరే జుట్టుతో మురిసిపోయిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆ పిల్లకి నిజం చెప్పాలని మాత్రం నాకు ఇప్పటికీ అనిపించదు.