కొత్త యూపీఎస్‌కు చుట్టిన తువ్వాలు

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను కొత్తవలస దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో బ్యాటరీ రూం అటెండెంట్‌గా వేశారు. అంతకుముందు అక్కడే హెల్పర్‌ని. నలభై దాటాక చదవడం నేర్చుకున్నాను కాబట్టి ఆ పోస్టు వచ్చింది.

కరెంటు పోతే, జనరేటర్ అందుకునేదాకా ఫర్నేస్ కంట్రోల్ ప్యానెల్‌ను బ్యాటరీలే నిలబెట్టాలి. పాత బ్యాటరీలకు తరచూ డిస్టిల్డ్ వాటర్ పోయాలి, పైకి చిమ్మిన ఆసిడ్ తుడవాలి. బ్యాటరీ రూంలో పనిచేసే ఆడవాళ్లందరి చీరలకూ కుచ్చిళ్ల దగ్గర చిల్లులే. ఆ ఏడు ట్రయల్‌కని కొత్త యూపీఎస్ తెచ్చారు. స్టాండు మీద నిలబెట్టిన, దుమ్ము దూరకుండా అన్నివైపులా మూసిన ఇనప పెట్టె. నీళ్లక్కర్లేదు, ఫ్యాను లేదు. లోపలి వేడి వెనకనున్న అల్యూమినియం రెక్కల మీదుగా బయటికి పోతుంది. ఆయుధపూజ రోజు ఫర్నేస్ ఆపి ఉంటుంది కాబట్టి, పూజ అవగానే మేనేజర్ ఎదుట మెయిన్ ఆఫ్ చేసి చూద్దామన్నారు. ప్యానెల్ నిలబడితే పెట్టె ఉంటుంది. లేకపోతే అది వెనక్కి పోతుంది, మాకు మళ్లీ ఆసిడే.

పూజ పనులన్నీ ఫోర్‌మన్ అప్పన్నవి. మేమంతా ఆయన్ని మావ అనేవాళ్లం. మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, యూపీఎస్ కొత్తది కదా అని దానికి మాత్రం కొత్త తువ్వాలు చుట్టి, పైన బంతిపూల దండలు వేశాడు. మంత్రాలు సగంలో ఉండగా పెట్టె కీచుమని అరవడం మొదలెట్టింది.

"పూజకి పొంగిపోతన్నాది," అన్నాడు మావ.

డిస్‌ప్లే చూస్తే హై టెంపరేచర్ అని ఉంది. ఇంకాస్త వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది. ఇంజినీరు తువ్వాలు తీసేయమన్నాడు. హారతి కాకుండా తీస్తే అరిష్టమని మావ అడ్డం నిలబడ్డాడు. పంతులుగారు మంత్రం ఆపేశారు. మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు.

"మావా, దేవుడికి బట్ట మెడకే సుట్టాలా? పాదాల కాడ పెడితే తీసుకోడేటి?" అన్నాను.

"దీనికి పాదాలెక్కడున్నాయే?"

"స్టాండుకి నాలుగున్నాయి కదా."

పంతులుగారు కూడా నవ్వారు. మావ తనే తువ్వాలు విప్పి, మడిచి స్టాండు కింద పెట్టి, దండలు దాని కాళ్లకు చుట్టాడు. హారతి అయ్యేసరికి అరుపు ఆగింది. కాసేపు చల్లారనిచ్చి మెయిన్ ఆఫ్ చేశారు. షెడ్డు లైట్లు ఆరాయి, ఫ్యాన్లు ఆగాయి. ప్యానెల్ దీపం ఒక్కటీ ఆరలేదు. జనరేటర్ అందుకోగానే ఆడవాళ్లమంతా చప్పట్లు కొట్టాం.

"సూసేరా, పూజ మహిమ," అన్నాడు మావ. ఎవరం కాదనలేదు.

కొత్త మిషన్ వచ్చినప్పుడు దాన్నెలా నడపాలో చెబితే చాలదు. దానికి పూజ ఎలా చేయాలో కూడా ముందే చెప్పాలి.